గౌరీశ్వరి చెయ్యి పడ్డ పప్పు

(పలాసలో రైలుకట్ట పక్క వీధి. అసిరయ్య ఇంటి అరుగు. రెండువేల మూడో సంవత్సరం, పొద్దున్న పది గంటలు.)

"అదే అంటన్నాను గౌరీ. పిల్లని తీసుకుపొమ్మన్నావు, వచ్చేను. మా మోహిని ఏటి సేసిందో ఆ ఒక్క ముక్కా సెప్పీ. దొంగతనం సేసిందా?"

"అలాటి మాటలనకత్తా. నీ మనవరాలు బంగారం."

"ఎదురుసమాధానం సెప్పిందా?"

"దాని గొంతు ఎలాగుంటుందో ఈ వీధిలో ఎవరికీ తెలీదు."

"మరి మొగుడితో, మీ ధనరాజుతో పడనేదా?"

"వాడితో గొడవెలా అవుతుందత్తా, వాడు మాటాడితే కదా. జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు."

"మరేటి?"

"నువ్వు ముందు మంచినీళ్ళు తాగు. ఎండన పడి వచ్చేవు."

"తాగేను. ఒక గుటక తాగేను, సాలు. ఎందుకు పంపించేత్తన్నావు పిల్లని?"

"ఏటని చెప్పమంటావు. దాని చేతిలో పప్పు ఉడకదు."

"ఏటీ?"

"పప్పు. కందిపప్పు. ఉడకదు."

"నాను పూండిలో ఏడున్నర బండెక్కి, కొబ్బరికాయల బస్తా నెత్తినెట్టుకుని, ముసిల్దాన్ని, ఇంత దూరం దేక్కుంటా వచ్చింది పప్పు ఉడకనేదనీసా?"

"నువ్వలా అనేస్తావని తెలుసు. పొద్దున్న ఎసరు పెడితే పదకొండింటికి కూడా గింజ గింజలాగే ఉంటుందత్తా. నోట్లో వేసుకుంటే ఇసక. కుక్కర్లో పెట్టించేను. ఎనిమిది కూతలు కూయించేను. కుక్కరు గొంతు పోయింది గాని పప్పు మెత్తబడలేదు."

"ఇంత వంటసోడా ఎయ్యకపోయేరా?"

"సోడా వేసిన పప్పు మా ఇంట్లో తినం. అది వీధిలో వాళ్ళు తింటారు."

"మీ వీధి వీధంతా సోడా ఎయ్యాల్సిందేనా?"

"వాళ్ళ సంగతి వేరు. వాళ్ళెవరి చేతిలోనూ ఉడకదు. ఎదరింటి ఎర్రమ్మ చేతిలో ఉడకదు. మూలింటి బొడ్డమ్మ చేతిలో ఉడకదు. సరోజినీ టీచరని చర్చి పక్కన ఉంటుంది, ఆవిడ పుస్తకం చూసి వండుతుంది, ఆవిడికీ ఉడకదు. ఈ వీధి మొత్తానికి పప్పు ఉడికేది నా ఒక్కదాని చేతిలోనే. ముప్పయ్యేళ్ళు."

"వీధి మొత్తానికి నీ ఒక్కద్దానికే."

"మరి. పెళ్ళి గానీ, దినం గానీ, పప్పు గుండిగ పొయ్యెక్కిందంటే నన్ను పిలవాలి. మొదటి పిడికెడు నా చేత్తో పడితేగాని మిగతా పప్పు పొయ్యరు. బొట్టు పెట్టి పిలుస్తారు నన్ను. గౌరీశ్వరి చెయ్యి పడితే మూడు ఉడుకులకి వెన్న. చర్చి వాళ్ళు కూడా పిలుస్తారు. పేతురు పాస్టరుగారు బొట్టు పెట్టరు గాని, ప్రార్థన చేసి పిలుస్తారు."

"మంచి గవురవమే."

"అలాటి ఇంటికొచ్చింది నీ మనవరాలు. పప్పొక్కటే అయితే పోనీ అందును. దాని చేతిలో సబ్బు నురగ రాదు. ధనరాజు చొక్కాలు ఉతికి ఆరేస్తే దండెం మీద అట్టముక్కల్లాగ నిలబడతాయి. మడతపెడితే విరుగుతాయేమో అని భయం."

"నీ సేతిలో నురగ వచ్చీదా?"

"నాకూ వచ్చేది కాదు. అది సబ్బు మంచిది కాక."

"మరి పిల్లకి?"

"పిల్లకి చెయ్యి మంచిది కాక."

"బాగుంది. పెళ్ళినాటికి దాని జడ నా పిడికిట్లో పట్టీది కాదు. ఇందాక సూసేను, ఎలకతోకలాగుంది. అదేటి మరి?"

"నాకూ ఊడిందత్తా, ఇదిగో చూడు. నాది వయసు."

"దానికి ఇరవై నిండనేదు."

"దానిది బెంగ."

"ఆ బిందె అడుగున తెల్లటి పక్కేటి, సున్నం కొట్టినట్టు?"

"కొళాయి నీళ్ళకి అలాగే కడుతుంది. వారానికోసారి చాకు పెట్టి గీకాలి. స్నానాల బకెట్లకి ఎప్పుడూ ఉన్నదే. వంట బిందెకి మాత్రం ఇదివరకు ఉండేది కాదు. నేను తోమినట్టు తోమదు మరి."

"ఇదివరకు వంట బిందెకి ఉండీది కాదు."

"ఉండేది కాదు."

"ఊఁ. సెప్పు."

"అయినా ఇంట్లోది ఇంట్లో పోతుందని ఓర్చుకున్నాను. పోయిన నెల, శ్రావణంలో, ఎర్రమ్మ కూతురి పెళ్ళయింది. మూడొందల విస్తళ్ళు. బొట్టు పెట్టి పిలిచింది. వెళ్ళేను. పిడికెడు వేసేను. గంటయింది. రెండు గంటలయింది. మగపెళ్ళివారు టెక్కలి నుంచి దిగేరు. కాళ్ళు కడుక్కున్నారు. కూర్చున్నారు. విస్తళ్ళేసేరు. పప్పు ఉడకలేదు."

"ఏటి సేసేరు?"

"ఏటి చేస్తారు, వడ్డించేసేరు. పెళ్ళికొడుకు మేనమామకి కట్టుడు పళ్ళు. రెండు ముద్దలు తిని, పళ్ళు తీసి విస్తరి పక్కన పెట్టుకుని, మజ్జిగన్నం తిని లేచిపోయేడు."

"అయ్యో పాపం."

"ఎర్రమ్మ పల్లెత్తు మాట అనలేదు. అదే నా ప్రాణానికి పట్టుకుంది. నా మొహం చూళ్ళేదు, నా చేతివైపు చూసింది. అప్పుడు తట్టింది నాకు. ఆ పప్పు కడిగింది మోహిని. సాయం చెయ్యమంటే చేటలోంచి తీసి కడిగింది. దాని చెయ్యి పడి నా చెయ్యి పోయిందత్తా. వారం తిరక్కుండా బొడ్డమ్మ మనవడి అన్నప్రాశన. నన్ను పిలవలేదు. సోడా వేసుకున్నారు. ఇక్కడిదాకా వాసనొచ్చింది."

"అందుకని పిల్లని మాకు అప్పగించేత్తన్నావు."

"ఓ ఆరు నెలలు మీ దగ్గర ఉండనీ. నా చెయ్యి నాకు తిరిగొస్తే అప్పుడు చూద్దాం."

"రాకపోతే?"

"రాకపోతే అక్కడే ఉంటుంది."

"ధనరాజు?"

"నా మాట కాదంటాడా వాడు."

"అయితే ఆరు నెలల్లో నీ సెయ్యి బాగుపడకపోతే నా మనవరాలి కాపరం అయిపోయినట్టే. అంతేనా?"

"నువ్వలా ముక్క చెక్కలు చేసి అడిగితే నేనేం చెప్పను."

"గౌరీ, ఈ గుంట పదేళ్ళప్పుడునుంచీ వండతాంది. వాళ్ళ నాన్న తెల్లారగట్ల వలేసుకుని సముద్రం మీదికెల్లి, ఎండెక్కి ఒడ్డుకొచ్చే ఏలకి పప్పు మెత్తగా మెదిపి ఉంచీది. ఒక్కనాడు గింజ తగల్నేదు."

"మీ ఊళ్ళో ఉడికితే ఉడకొచ్చు."

"మాది ఇసక నుయ్యి. నాలుగడుగులు తవ్వితే ఊట. అవతల సముద్రం ఉప్పు, ఇవతల నీరు తీపి. మజ్జిన గీత ఎవులు గీసేరో. ఇందాక మీ స్టేషన్లో దిగేను కదా, అక్కడి కొళాయి కాడ కాళ్ళు కడుక్కుని రెండు దోసిళ్ళు తాగేను. అచ్చం మా నూతి నీరే. ఇక్కడికొచ్చి మీ బిందెలో ముంచుకుంటే పలక మీద రాసీ బలపం అరగదీసి కలిపినట్టుంది. ఒకూరే కదా. స్టేషనెంత దూరం?"

"బండి కూతేస్తే మా గిన్నెలు అదురుతాయి."

"మరి నీరు ఇంత తేడా ఏటి?"

"అది రైల్వే వాళ్ళ నుయ్యి. బొగ్గింజన్లున్నప్పుడు ఇంజన్లకి ఆ నీళ్ళే పట్టేవారట. వీధి కొళాయిది బోరు. ఈ నీళ్ళు పోస్తే ఇంజను కడుపులో సున్నం కట్టేసి కదల్దని మా ఆయన చెప్పేవాడు."

"ఇంజను తాగని నీరు నా మనవరాలికి ఇచ్చేరు."

"వీధంతా తాగుతున్నారు."

"తాగుతున్నారు, సోడా ఏసుకుంటన్నారు. సరే గాని గౌరీ, పిల్ల రాకముందు నీ ఇంట్లో నీరెవులు తెచ్చీవారు?"

"మా ఆయన. ముప్పయ్యేళ్ళలో నన్ను ఒక్కనాడు కొళాయి దగ్గరికి వెళ్ళనివ్వలేదు. ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే చోటు, నీకెందుకు, అనేవాడు. వీధిలో ఏ మొగుడూ అలా చూసుకోలేదు. స్నానాల నీళ్ళు పొద్దున్నే పట్టి పోసేవాడు, వంట నీళ్ళు డ్యూటీ దిగి సైకిలుకి రెండేపులా రెండు బిందెలు కట్టుకుని తెచ్చేవాడు."

"డ్యూటీ దిగి."

"అవును."

"డ్యూటీ స్టేషన్లోనే కదా?"

"పాయింట్స్‌మన్ కి స్టేషన్లో కాక ఇంకెక్కడుంటుంది? వైశాఖంలో రిటైరయ్యేడు. ఆ రెండ్రోజులకే కదా వీళ్ళ పెళ్ళి చేసేం. అప్పట్నుంచి మోకాళ్ళంటాడు. నీళ్ళు కోడలే తెస్తుంది."

"వీధి కొళాయి ఎటు ఉంది?"

"అదిగో, ఆ చివర."

"స్టేషను?"

"ఇటు. ఎందుకత్తా?"

"ఊరికినే. మరి పెళ్ళిళ్ళకి ఎల్లినప్పుడు? గుండిగలోకి నీరెవులు పోసీవారు?"

"ఆయనే. అదొక పద్ధతి. మొగుడు నీళ్ళు పొయ్యాలి, పెళ్ళాం పప్పు వెయ్యాలి, అప్పుడే కుదురుతుంది అనేవాడు. వీధంతా ఆ పద్ధతి నడిపేరు."

"ఎర్రమ్మ ఇంటికాడ కూడా ఆయనే పోసేడా?"

"మోకాళ్ళని రాలేదు. ఎర్రమ్మ మొగుడు పోసేడు."

"ఏ నీరు?"

"కొళాయిదే. ఇంకేటుంటుంది?"

"ముప్పయ్యేళ్ళలో నీ సేతిలో ఉడకనిది ఎప్పుడూ లేదా?"

"ఒక్కసారి. ఆయన్ని ట్రైనింగని ఖుర్దా పంపేరు, పదిహేన్రోజులు. అప్పుడు ఉడకలేదు. అది పుచ్చు పప్పు. పోతురాజు కొట్టుకెళ్ళి వాడి తక్కెట్లోనే పోసేసి వచ్చేను. ఇప్పటికీ వాడితో మాటల్లేవు."

"అసిరయ్య ఏడీ?"

"పెరట్లో సైకిలు తుడుస్తున్నాడు. నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పట్నుంచీ తుడుస్తున్నాడు."

"ఓ నాయనా, అసిరయ్యా. ఆ సైకిలు తెల్లబడిపోద్ది గాని, ఇలగ రా."

"ఏం పిన్నీ. బండిలో సీటు దొరికిందా?"

"దొరికింది. నీళ్ళు ఎక్కడివి?"

"ఏ నీళ్ళు?"

"నువ్వు మోసినవి."

"నీళ్ళు నీళ్ళే కదా పిన్నీ. ఈ మోకాళ్ళు చూసేవా, వంగితే లేవడం లేదు. టెక్కలిలో ఒకాయన తైలమిచ్చేడు, అదీ..."

"మోకాళ్ళ సంగతి అడగనేదు."

"గౌరీ, పిన్నికి మజ్జిగిచ్చేవా? ఎండ..."

"అసిరయ్యా."

"స్టేషన్‌వి."

"ఏటీ? ఏటన్నావు?"

"స్టేషన్ కొళాయివి, గౌరీ."

"ఎప్పుడు?"

"ఎప్పుడేటి. ఎప్పుడూ."

"ఎప్పుడూ అంటే?"

"ఖుర్దా వెళ్ళినప్పుడు తప్ప."

"పెళ్ళిళ్ళకి?"

"అవీ."

"చర్చి భోజనాలకి?"

"అప్పుడు నాలుగు ట్రిప్పులు. పేతురుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వెనకనించి పోసేసేవాణ్ణి."

"మరి నా చెయ్యి?"

"నీ చేతికేం గౌరీ. ఉప్పు సరిగ్గా వేస్తావు."

"నువ్వు కాసేపు కూకో గౌరీ. ఇలగ గోడకి ఆనుకో. అసిరయ్యా, మరి రిటైరయ్యేక ఎందుకు మానీసేవు? స్టేషను కదిలిపోనేదు కదా."

"యూనిఫాం ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగలేదు పిన్నీ. విప్పిన మర్నాడు బిందెలతో వెళ్ళేను. గేటు దగ్గర కొత్తగా వచ్చినాయన ప్లాట్‌ఫారం టికెట్టు అడిగేడు. నాకొక్కటి చాలు కదా అన్నాను. బిందెలకి కూడా కావాలేమో పుస్తకం చూసి చెప్తానన్నాడు. ఇంక వెళ్ళలేదు."

"ఆ మాట ఇంట్లో సెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? ముప్పయ్యేళ్ళు బొట్టు పెట్టి పిలిచిన చెయ్యి. అందులో నీదేం లేదే, అంతా ఇంజన్ల నీళ్ళేనని ఏ నోటితో చెప్పమంటావు? రోజూ అనుకునేవాణ్ణి. అనుకుని సైకిలు తుడిచేవాణ్ణి."

"నువ్వు సైకిలు తుడత్తంటే నా మనవరాలు మాటలు పడింది."

"పడింది."

"దాన్ని పంపించేత్తామంటే కూడా నోరు మెదపనేదు."

"ఆరు నెలలే కదా అనుకున్నాను."

"మీయావిడ గవురవం నిలబెట్టడానికి మా గుంట పుట్టింట్లో కూకోవాలి. బాగా అనుకున్నావు నాయనా."

"నువ్వేమన్నా పడతాను పిన్నీ."

"అత్తా, నువ్వు ఆగు. నన్నడగనీ. ఏమయ్యా, అసలు నువ్వెందుకు మొదలెట్టేవు? నేను మొయ్యమన్నానా? స్టేషన్ నీళ్ళు కావాలన్నానా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు గౌరీ."

"చెప్పు."

"మనకి పెళ్ళయిన నెల. నువ్వు పప్పు పెట్టేవు. ఉడకలేదు. వారం రోజులు పెట్టేవు. వారం రోజులూ ఉడకలేదు."

"కొత్తలో ఎవరికైనా అంతే. తరవాత చెయ్యి కుదిరింది కదా."

"కుదర్లేదు. మా అమ్మ మీ నాన్నకి కార్డు రాయించింది. పిల్ల చెయ్యి మంచిది కాదు, వచ్చి తీసుకుపొమ్మని. ఆవిడికి చదువు లేదు కదా, ఆవిడ చెప్తుంటే నేనే రాసేను. డ్యూటీకి వెళ్తూ డబ్బాలో వేసెయ్యమంది. స్టేషన్లో పోస్టు డబ్బా ఉండేది, దానికెదురుగా కొళాయి. చేతిలో కార్డు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. గూడ్సు వెళ్ళిపోయింది. ఇంకో గూడ్సు వచ్చింది. కార్డు వెయ్యలేదు. బిందె పట్టేను."

"ఆ కార్డు ఏం చేసేవు?"

"మడిచి బిందె కింద పెట్టేను, సైకిలు మీద కదలకుండా."

"మీ అమ్మ నన్ను పంపించేద్దామనుకుందా?"

"అనుకుంది."

"చచ్చిపోయేదాకా నా పప్పు తిని, మా కోడలి చెయ్యి అమృతం అని వీధంతా చెప్పిందే."

"చెప్పింది. అప్పట్నుంచే కదా వీధివాళ్ళు పిలవడం మొదలెట్టేరు."

"ముప్పయ్యేళ్ళు నాకొక్క మాట చెప్పలేదు నువ్వు."

"చెప్తే నీకు మళ్ళీ భయమేసేది, గౌరీ. పప్పు పెట్టినప్పుడల్లా."

"ఏడవకే గౌరీ. ఇంత మంచి మాటకి ఏడుత్తారా. పైట తీసి తుడుసుకో."

"ఏడవట్లేదు. అత్తా, ఆ కొబ్బరికాయల బస్తా గుమ్మంలో ఎందుకు, లోపల పెట్టించు. పిల్ల ఎక్కడికీ వెళ్ళదు."

"మరి ఎర్రమ్మకేటి సెప్తావు?"

"ముందు బొడ్డమ్మకి చెప్తాను. దానికి చెప్తే నేను ఇంటింటికీ తిరగక్కర్లేదు. ఎర్రమ్మ ఇంటికి మాత్రం నేనే వెళ్ళాలి. ఆ మేనమామకి కూడా ఏదో ఒకటి పంపాలి, మెత్తటిది. పోతురాజు... పోతురాజుకి తరవాత చూద్దాం."

"నవ్వుతారేమోనే నిన్ను, సూసుకో."

"నవ్వనీ. ఓ పూట నవ్వుతారు, మర్నాడు బిందెలు పట్టుకుని స్టేషన్‌కి పరిగెడతారు. వాళ్ళకీ పప్పే కదా కావాలి."

"నీళ్ళు ఎవులు తెత్తారు? మోకాళ్ళు ఎటూ పనికిరావంటన్నాడు."

"ధనరాజున్నాడుగా. సైకిలుంది. మెరిసిపోతోంది."

"నేనొకటి కనుక్కున్నాను గౌరీ. ఇక్కడ్నుంచి పూండికి నెల పాసు తీసుకుంటే ప్లాట్‌ఫారం మీద ఎవరూ అడగరు. బిందెలకి అక్కర్లేదట. ఆయన పుస్తకం చూసేడు."

"ఎప్పుడు కనుక్కున్నావు?"

"పోయిన నెల."

"కనుక్కుని?"

"కనుక్కుని ఊరుకున్నాను."

"నీతో తరవాత మాటాడతాను. మోహినీ. ఓ పిల్లా, తలుపు చాటునుంచి ఇలా రా. అంతా విన్నావా?"

"విన్నానత్తమ్మా."

"నీ చేతిలో ఏ దోషమూ లేదే. నాదే తప్పు. అనకూడని మాటలు చాలా అనేను."

"పరవాలేదత్తమ్మా."

"పరవాలేదు కాదు. వీధిలో అందరి ముందూ అన్నాను, అందరి ముందూ చెప్తాను. రేపట్నించి నువ్వు కొళాయి దగ్గరికి వెళ్ళకు. నా కోడలు వెళ్ళదు."

"నువ్వు మంచిదానివత్తమ్మా. మావ కూడా మంచోడే."

"ఇంకేటే తల్లీ, ఇన్నాళ్ళకి నీ అత్త నోట ఆ మాట వచ్చింది. నాకు రెండింటి బండి ఉంది, నానెల్లిపోతాను. నువ్వెల్లి ఆ బస్తా ఇప్పి కాయలు మంచం కిందకి దొల్లించు."

"నా సంచీ తెచ్చుకుంటానమ్మమ్మా. నేనూ వస్తాను."

"సంచెందుకే? ఉండమంటన్నారు కదా. తప్పు నీది కాదని తేలిపోయింది కదా."

"మావ స్టేషన్ నీళ్ళు తెచ్చేవాడని నాకు పెళ్ళైన రెండోవారమే తెలుసమ్మమ్మా. చిన్నప్పుడు సైకిలు ముందర కూర్చుని తనూ వెళ్ళేవాడట, మా ఇంటాయనే చెప్పేడు. అమ్మకి తెలిస్తే బాధపడుద్ది, నువ్వే ఓర్చుకో అన్నాడు. ఓర్చుకున్నాను. మొన్న నన్ను తీసుకుపొమ్మని అత్తమ్మ అంటే, బూత్‌కెళ్ళి మన ఊరికి ఫోన్ చేసింది కూడా ఆయనే. నంబరు గుర్తు లేదంటే, పక్కన నిలబడి నేనే చెప్పేను."